సుశీలకు వేసిన దండ

1969 డిసెంబరు, ఆదివారం

క్యాన్సర్ రోగుల కోసం విరాళాలు వసూలు చేస్తూ ఈ ఉదయం నారాయణగూడ నుంచి అశోక్ నగర్ దాకా నడిచాం. రొమ్ము తీసేసి రెండేళ్లయినా నిక్షేపంగా ఉందని నా భార్య సుశీలను అందరికంటే ముందు నిలబెట్టారు. పక్కన నేను చందా డబ్బా పట్టుకుని నడిచాను.

చిక్కడపల్లిలో మా పాత ఇంటి యజమానురాలు అనసూయమ్మ దండతో ఎదురొచ్చింది. ఆపరేషన్ అయిన నెలకే, ఆ రోగం తన పిల్లలకు అంటుకుంటుందని మా చేత ఇల్లు ఖాళీ చేయించిన మనిషి. ఇవాళ ఫోటో తీసేవాడి వైపు తిరిగి, "మా సుశీల మస్తు ధైర్యమున్న పిల్ల" అంది. సుశీల తల వంచి దండ వేయించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికి రాగానే అడిగాను. "ఆమెతోని దండ ఎట్ల ఏయించుకున్నవ్? సిగ్గనిపియ్యలేదా?"

సుశీల నెమ్మదిగానే అంది. "ఆమె భయపడి ఎల్లగొట్టింది. మీరు నా గ్లాసు వేరే పెట్టిన్రు. రెండేండ్ల సంది ముందు అర్రల పండుకుంటున్నరు. మీ పక్కన నడిచినదాన్ని, ఆమె దండ ఏయించుకోనికి సిగ్గెందుకు?"

నీ నిద్ర పాడవకూడదనే కదా అనబోతుంటే డాక్టరు మాట గుర్తొచ్చింది. అది అంటుకునే జబ్బు కాదని ఆపరేషన్ అయిన నాడే నన్ను కూర్చోబెట్టి రెండుసార్లు చెప్పాడు. అనసూయమ్మకు ఎవరూ చెప్పి ఉండరు.