పచ్చీసు గుడ్డ మడత

ధర్మవరం,
ఆదివారం.

గురప్ప మామకు మేనకోడలి నమస్కారం.

నిన్నటి పచ్చీసు ఫైనల్ మళ్ళీ ఆడించమని మీరు క్లబ్బుకు పెట్టిన అర్జీ అందింది. ఈ ఏడు రెఫరీని నేనే కాబట్టి జవాబూ నేనే రాస్తున్నాను. కుదరదు.

గవ్వలు వేశాక ముందు కాయ జరపాలి. కాయ జరపకుండా గవ్వలు చేతిలోకి తీసుకుంటే ఆ వంతు పోయినట్టే. గెలుపు పందెం పడిన సంబరంలో మీరు కాయను మరిచి గవ్వలు ఏరుకున్నారు. "అలవాటులో తీసినా పాపా, ఈ ఒక్కతూరికి చూసీ చూడనట్టు ఇడిసిపెట్టు" అన్నారు. ఆ తర్వాత మీ మీద గెలిచిన చౌడేశ్వరి కూడా అప్పుడు పోనీలే అంది. నేను ఇడిసిపెట్టలేదు.

నిరుడు ఫైనల్లో రెఫరీ మీరు. గెలుపు పందెం నాకు పడింది. ఒక గవ్వ కాయకు ఆనుకొని ఒరిగిందని మీరు ఆ పందెం కొట్టేసి మళ్ళీ వేయించారు. మీ కొడుకు గిరి గెలిచాడు. నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "రూలంటే రూలే పాపా, నేనేం జేసేదుండాది" అన్నారు.

ఓడినవాళ్ళు ఆట గుడ్డ మడిచి గెలిచినవాళ్ళ చేతికివ్వడం మన క్లబ్బు మర్యాద. నిరుడు అందరి ముందూ నేను మడుస్తుంటే, "మూలలు సరింగా కలుపు" అని మడత విప్పించి మళ్ళీ మడిపించారు. నిన్న మీరు మాత్రం మడవకుండానే లేచిపోయారు.

గుడ్డ మగ్గాల షెడ్డులో పరిచింది పరిచినట్టే ఉంది. ఎవరినీ ముట్టనివ్వలేదు. సాయంత్రం అందరూ వస్తారు, మీరూ రండి. మూలలు నేను చూస్తాను.

మీ మేనకోడలు,
క్లబ్బు రెఫరీ.