తిప్పయ్య చేతుల వణుకు

చిలమత్తూరు,
ఆగస్టు 2002.

కువైట్‌లోని నా భార్య బయమ్మకు ప్రభువు కృప తోడుండాలని కోరుతూ వ్రాయునది. ఇక్కడ నేనూ, మన పాప ప్రసూనా ఆయన కాపుదలలో బాగున్నాం. నువ్వు పనిచేసే ఇంటివాళ్లు నీకు వేళకు తిండి పెడుతున్నారో లేదో రాయి.

వాన పడిందా అని అడిగావు. లేదు. మొలిచిన చెనక్కాయ పైరు మాడిపోయింది. పాప సంగటి తింటోందా అన్నావు. నేను కెలికితే ముద్ద కట్టదు. "నాయనా, దీన్ని తినాల్నా, తాగాల్నా?" అంటుంది. నవ్వుకుని, నీ పీట వైపు చూడకుండా తింటాం. ప్రార్థన కూటంలో వాక్యం చెబుతూ గొంతెత్తినప్పుడల్లా ముందు వరుసలో నీ "ఆమెన్" కోసం ఆగిపోతున్నాను.

నీ తమ్ముడు తిప్పయ్య తాగుడు మానేశాడా అని జాబు జాబుకూ అడుగుతున్నావు. చెబుతాను. ప్రాణభయం తప్పింది, ఏడవకు. తిప్పయ్య బావి పూడిక తీస్తూ జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో చేర్చాం.

ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరమ్మ, తాగే అలవాటు ఉందా అని అడిగింది. పోయిన నెల వాడిని కూటంలో నిలబెట్టి సాక్ష్యం చెప్పించి, దేవుడు వీడిని సారా నుంచి విడిపించాడని గర్జించింది నేనే. సంఘం వాళ్లు పక్కనే ఉన్నారు. "లేదమ్మా, విడుదల పొందినాడు" అన్నాను. వాడు మళ్లీ కర్ణాటక సారా పాకెట్లు పట్టాడని నాకు తెలుసు.

సారా అందక రెండోనాటికి వాడికి చెమటలు, చేతుల వణుకు. దుప్పటి మీద లేని చీమలను ఏరుతున్నాడు. అపవాది పని అనుకుని, తల మీద చేయి వేసి వార్డు అదిరేలా ప్రార్థించాను.

"అరవద్దప్పా బావా, చీమలు చెదిరిపోతాండాయి" అన్నాడు.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. "ఇది దయ్యం కాదయ్యా. రోజూ తాగేవాడికి సారా ఒక్కసారిగా ఆగిపోతే ఇలాగే అవుతుంది. తెలియక మత్తు ఇచ్చి ఉంటే ప్రాణం మీదికి వచ్చేది. ఎంత తాగుతాడు?"

"పొద్దు పొడిచినప్పట్నుంచీ తాగతాడమ్మా. నేను అబద్ధం చెప్పినా."

సంఘం పెద్ద ఆదెన్న నా ముఖంలోకి చూశాడు. "ఏమన్నా, కూటంలో చెప్పించిన సాక్ష్యమూ అబద్ధమేనా?"

ఆదివారం నా బదులు వాక్యం ఆదెన్నే చెప్పాడు. నేను చాప మీద వెనక కూర్చుని విన్నాను.

ఆపరేషన్ వాయిదా వేసి, వణుకు తగ్గేదాకా మందులిచ్చారు. ఆ తర్వాత వెన్నులో సూది వేసి, నడుము కింద మాత్రమే స్పర్శ పోయేలా చేసి కాలు సరిచేశారు. తాగుడుకు వేరే వైద్యం ఉందట. నేనే వెంట తీసుకుపోతాను.

బయమ్మా, ఒక మాట ఆదెన్నకు కూడా చెప్పలేదు. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర వాడు నా చెయ్యి వదల్లేదు.

"బావా, అక్క వచ్చిండాదా?"

"వచ్చిండాది రా. ఈడే ఉండాది."

అప్పుడు వదిలాడు. తలుపు మూసుకుంది. ఆ మాట అన్నది నేనే. అయినా వెనక్కి తిరిగి, వరండా చివరిదాకా నీ కోసం వెతికాను.

ఇట్లు,
నీ రాక కోసం కనిపెట్టుకుని ఉన్న
నీ పెనిమిటి
యేసన్న