శనక్కాయల సంచిలో మట్టిగడ్డ

భీమునిపట్నం

నాయనకు,

కోటేశ్వరరావు ఇంత దూరం నుంచే నీ కాళ్ళకు దండం పెట్టి రాస్తున్న సంగతులు. నేను బాగున్నాను. పని బాగుంది, వేళకు తింటున్నాను, నా గురించి ఏ దిగులూ పెట్టుకోవద్దు. నీ కాలు ఎలా ఉంది? చలికి తుంటి దగ్గర మళ్ళీ లాగుతోందని అక్క రాసింది. నూనె రాయించుకుంటున్నావా, లేక అమ్మను విసుక్కుని గిన్నె పక్కకు నెట్టేస్తున్నావా? పెద్దనాయనకు దగ్గు తగ్గిందా? గేదె ఈనిందా? అన్నీ రాయి.

నీ కార్డు అంది వారం దాటింది. వెంటనే జవాబు రాయలేదని కోప్పడకు. అందులో నువ్వు అడిగింది ఒకటే. "గడ్డ సముద్రంలో పడిందా? ఎవరు ఏశారు? మీ అమ్మనడిగితే ఏశాం, ఏశాం అనుకుంటా పొయ్యికాడికి పోతంది. నువ్వన్నా సరిగ్గా రాయరా" అని. అది చదివినప్పటి నుంచి ఆ కార్డు జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. చెప్తాను నాయనా. కాస్త మొదటి నుంచి చెప్పనివ్వు. ఒక్కసారిగా చెప్పడానికి మొహం చెల్లడం లేదు.

ఇక్కడ సముద్రం ఒడ్డున కొత్తగా కడుతున్న లాడ్జిలో రాళ్ళు పరుస్తున్నాం. మన మాచర్ల వైపు నుంచి లారీలో వచ్చే నాపరాళ్ళే. ఉప్పుగాలికి తాపీ కూడా చూస్తుండగానే తుప్పు పడుతుంది, ఒళ్ళంతా జిగట. తిండి సంగతి చెబితే నవ్వుతావు. పులుసులో బెల్లం వేస్తారు, కూరల మీద నువ్వుపొడి చల్లుతారు. మొదట్లో అమ్మ పెట్టిన గొడ్డుకారం లేకపోతే ముద్ద దిగేది కాదు, ఇప్పుడు అలవాటయింది. ఆదివారాలే కష్టం. పని ఉండదు, పలకరించే మనిషి ఉండడు. "ఏంది" అంటే పక్కవాళ్ళు నవ్వుతారని "ఏంటి" అనడం నేర్చుకున్నాను. నేను అద్దెకున్న ఇంటావిడ నరసమ్మగారు మంచిదే. ఆవిడ వసారాలో రాళ్ళు పరిచింది నేనే. ఆ నునుపు చూసి, "ఈ రాయి ఏ ఊరిది బాబూ, అద్దంలాగుంది" అని అడిగితే, మా పల్నాడుదండీ అని చెప్పుకుని ఎంత పొంగిపోయానో.

కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం చేయాలని నువ్వు ఎన్నేళ్ళ నుంచి అంటున్నావో నాకు తెలుసు. బండి మీద నుంచి పడ్డాక రైల్లో అంతసేపు కూర్చోలేనని నువ్వు ఆగిపోయి, అమ్మను, అక్కను, బావను, వాళ్ళ చిట్టిని పంపించావు. వాళ్ళు పౌర్ణమికి రెండు రోజుల ముందే దిగారు. బావ నెత్తిన శనక్కాయల సంచి, అక్క చేతిలో గోంగూర పచ్చడి జాడీ, జొన్న రొట్టెల మూట. బస్టాండులో వాళ్ళను చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికి రాగానే అమ్మ, అక్క స్నానానికని పెరట్లో బావి దగ్గరికి వెళ్ళారు. బావ చిట్టిని తీసుకుని వీధి చూడ్డానికి పోయాడు. నేను శనక్కాయల సంచి తెచ్చి వసారాలో గుమ్మరించాను, నరసమ్మగారికి కాసిని పెడదామని. అప్పుడే పీకిన కాయలు కదా, మట్టితోనే ఉన్నాయి. వాటితోపాటు చెంబంత ఎర్రమట్టి గడ్డ ఒకటి దబ్బున పడింది. దాని చుట్టూ ఎండి పొడి పొడి అయిపోయిన మోదుగాకు. తడిసిన రాయి మీద ఎర్రగా మరక. నరసమ్మగారు గుమ్మంలోకి వచ్చి, "ఏటి బాబూ ఇది? ఇప్పుడే కడిగించినాను, వసారా అంతా మట్టి సేసీసినారు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. గడ్డ తీసుకుని వీధి కాలవలోకి విసిరేశాను. చిన్న చిన్న పెళ్ళలు చీపురుతో ఊడ్చి అవీ కాలవలోకే నెట్టాను. అది ఏ గడ్డో నాకు తెలియదు నాయనా, నన్ను నమ్ము. శనక్కాయలతో వచ్చిన మట్టే అనుకున్నాను. కానీ తెలియకపోవడం ఒక్కటే అయితే ఈ ఉత్తరం ఇంత కష్టం కాకపోను.

ఆ సాయంత్రం, మరునాడు ఊరంతా తిప్పాను. గంటస్తంభం చూశారు, దీపస్తంభం చూశారు. పూర్వం ఓడల్లో వచ్చి ఇక్కడే చచ్చిపోయిన ఒలందు దొరల, అదే డచ్చివాళ్ళ, గోరీలు ఉంటే అక్కడికీ తీసుకెళ్ళాను. బావ ఒక్కో గోరీని వేలి కణుపుతో కొట్టి చూసి, "మన రాయి గాదురా ఇది. మనదైతే ఇట్టా పెచ్చులూడద్దా?" అని తేల్చేశాడు. "అంత దూరం నుంచి వొచ్చి ఈడ చచ్చిపోయారా? ఆళ్ళమ్మకి ఎవురు చెప్పారో" అని అమ్మ కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత ఎర్రమట్టి దిబ్బలకు పోయాం. అమ్మ కిందికి వంగి మట్టి చేత్తో తీసి, నలిపి, "మన చేను ఈడికెట్టా వచ్చిందిరా?" అని నవ్వింది. పడవలు ఒడ్డుకొచ్చేసరికి బావ అక్కడి నుంచి కదలనన్నాడు. వలలో చేపలు తళతళమంటుంటే, "కార్తీకం ఇప్పుడే రావాల్నా, తినకుండా చూట్టానికా నేనింత దూరం వచ్చింది?" అని అక్క మీద విసుక్కున్నాడు. ఇసకలో కూర్చుని మరమరాలతో కలిపే మురీ మిక్చర్ తిన్నాం. ఉల్లిపాయ వద్దంది అమ్మ, చిట్టి మాత్రం రెండు పొట్లాలు తినేసింది. నరసమ్మగారు పెట్టిన మాడుగుల హల్వాలో అమ్మ కొంచెం కొరికి, మిగతాది కొంగున కట్టింది. నీకు అందిన హల్వా అదే.

ఇంత సంతోషంగా ఉన్నాం నాయనా. పౌర్ణమి తెల్లవారేదాకా.

సముద్రం ఒడ్డున జనం కిటకిటలాడుతున్నారు. దీపాలు వదిలేవాళ్ళు, కొంగులు ముడేసుకుని మునిగే మొగుడూ పెళ్ళాలు. చిట్టికి ఆకలైతే పెట్టడానికని అమ్మ గుప్పెడు శనక్కాయలు కొంగున పోసుకుని వచ్చింది. నీళ్ళు కాళ్ళకు తగలకముందే ఆగి, చేయి చాపి, "గడ్డ ఇటియ్యి" అంది అక్కతో.

"నాదగ్గరేడుందమ్మా? శనక్కాయల సంచిలోనేగా పెట్టింది. తమ్ముడు తీసి దాచాడనుకున్నా" అంది అక్క.

ముగ్గురూ నా వంక చూశారు. ఏ గడ్డ అని నేనడిగాను. అప్పుడు చెప్పింది అక్క. సముద్రానికి ముందు మట్టి ఆహారంగా పెట్టి తర్వాత మునగాలని నీకు అయ్యవారు చెప్పడం, కర్ర పట్టుకుని నువ్వే చేలోకి పోయి, తాత రాళ్ళేరి బాగుచేసిన ఆ పడమటి మూల గడ్డ పెళ్ళగించడం, మోదుగాకులో చుట్టి సంచిలో నీ చేత్తోనే పెట్టడం. "నేను పోలేకపోతే ఏంది, నా బదులు నా చేను పోయి మునుగుద్ది" అన్నావటగా.

"కాలవలో పారేశా" అన్నాను.

బావ వెంటనే, "అయిందేదో అయింది. నిన్న చూసిన దిబ్బలకాడ ఇంత మట్టి తెద్దాం, అదీ ఎర్రదేగా. మామకేం తెలుసుద్ది?" అన్నాడు. అమ్మ ఆయన వంక ఒక్క చూపు చూసింది.

అమ్మ ఇసకలో కూర్చుని కొంగులో శనక్కాయలు ఒడిలో పోసుకుంది. ఒక్కో కాయ తీసి అక్క చెంబులో నీళ్ళతో చేయి తడుపుకుంటూ నలిపింది. కాయకు పట్టుకున్న మట్టి కరిగి అరచేతిలో ఎర్రగా నీళ్ళయింది. అన్ని కాయలూ అలా నలిపి, ఆ నీళ్ళు ఒలికిపోకుండా దోసిలి పట్టుకుని మోకాళ్ళ లోతుకు పోయి వదిలింది. "ఇదీ ఆయన చేలో మట్టే. ఇంతే తేగలిగాం తల్లీ, ఏం అనుకోబాక" అంది సముద్రంతో. తర్వాత మునిగింది. బయటికొచ్చి జుట్టు పిండుకుంటూ, "ఈ మాట ఇంటికాడ ఎవురూ అనబాకండి" అంది అంతే.

ఇదీ జరిగింది. గడ్డ సముద్రంలో పడలేదు నాయనా. ఆ కాలవ నీళ్ళు చివరికి సముద్రంలోకే పోతాయని నాలుగు రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత సిగ్గేసింది. నీ చేను వీధి మురుగుతో కలిసి పోయిందని నీకెలా రాయను? వాళ్ళు వెళ్ళిపోయాక కాలవంతా వెతికాను. మధ్యలో వాన పడింది, ఏమీ మిగల్లేదు. వసారాలో ఆ రాయి మీద మాత్రం కొంచెం ఎరుపు ఇంకా ఉంది. పని నుంచి రాగానే రోజూ అదే కనిపిస్తుంది, కాలు వేయలేక దాటుకుని లోపలికి వెళ్తున్నాను.

ఈ తప్పు నాది, దాస్తున్నది అమ్మ. నీ దగ్గర ఎప్పుడూ ఏదీ దాచని మనిషి, నా మూలాన నువ్వు అడిగినప్పుడల్లా పొయ్యి దగ్గరికి పారిపోవాల్సి వస్తోంది. అందుకే రాస్తున్నాను. ఇకనుంచి ఆమెను అడగకు.

నువ్వు ఇంకో గడ్డ పంపిస్తానంటావని తెలుసు. వద్దు. నువ్వే రా. రాళ్ళ లారీ డ్రైవర్ అంజయ్యతో మాట్లాడాను. మాఘ పౌర్ణమికి ముందు వచ్చే లోడుతో కేబిన్‌లో పరుపు వేసి, కాలు చాపుకునేలా పడుకోబెట్టి తీసుకొస్తానన్నాడు. "ముసలాయన్ని నాకొదిలెయ్యి, కుదుపు తగలనిస్తే నన్నడుగు" అన్నాడు. ఇసకలో నీ కర్ర దిగబడుతుంది కాబట్టి నేను ఎత్తుకుంటాను. గడ్డ నువ్వే తెచ్చి నీ చేత్తోనే వెయ్యి. వచ్చేటప్పుడు గొడ్డుకారం కొంచెం తీసుకురా, పాతది అడుక్కొచ్చింది. పెద్దనాయనకు, పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. చిట్టి ఏరుకున్న గవ్వలు ఇక్కడే మర్చిపోయింది, దాచానని చెప్పు. మీ అందరి దీవెనలు నా మీద ఉండాలి, ఆ అర్హత ఇప్పుడు లేకపోయినా.

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ వసారాలో జరిగిన ఒక సంగతి పైన రాయకుండా దాటేశాను. గడ్డ విసిరేశాక నరసమ్మగారి దగ్గర పరువు పోతుందని, నవ్వుతూ, "ఏమీ అనుకోకండి, మావాళ్ళు మొరటు మనుషులండీ. ఏం తేవాలో, ఏం తేకూడదో తెలియదు" అన్నాను. తల తిప్పితే అమ్మ తడి జుట్టుతో పెరటి గుమ్మంలో ఉంది. నా చేతిలో చీపురు తీసుకుని, "అవునమ్మా, మట్టిలో బతికేవాళ్ళం" అని ఆవిడతో అంటూ వంగి మిగతా వసారా అంతా ఊడ్చి, తన తడి కొంగుతోనే ఆ మరక తుడిచింది. నేను పక్కన నిలబడి చూశాను. వద్దని కూడా అనలేదు.

నీ చేను తిని పెరిగిన నేను నిన్ను ఆ మాట అన్నాను. సముద్రానికి అమ్మ ఏదో ఒకటి పెట్టింది, దానికి లెక్క సరిపోయిందేమో. దీనికి ఏం పెట్టి కడుక్కోవాలో నాకు తెలియడం లేదు.

ఉత్తరాలు నువ్వే అమ్మకు చదివి వినిపిస్తావు కదా. ఇదీ వినిపించు. ఆ మాట వచ్చిన చోట నువ్వు చదవడం ఆపి అమ్మ మొహం చూస్తావు. అప్పుడు కూడా ఆమె, "వాడు అట్టా అన్లేదులే, ఏదో రాసుంటాడు" అంటుంది. నమ్మకు నాయనా. అన్నాను.

నిన్ను ఎత్తుకుని సముద్రంలోకి తీసుకెళ్ళే రోజు కోసం చూస్తూ,

నీ కొడుకు
కోటేశ్వరరావు