ఎండిన పలకలు

నాన్నా,

ఈ ఉదయం పడవలో కూర్చుంటే నా పుస్తకం మీద ఎండ గీతలు పడలేదు. నిన్నటిదాకా ప్రతి పలక సందులోంచీ పడేవి.

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. ఈ అరబ్బు దేశంలో, ఐన్ ఖాలిద్‌లో నేను పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఇంటి యజమాని, ఎక్కడో ఆటుపోట్ల ఏటిలో తిరిగిన పాత తెరచాప పడవను కొని పెరట్లో బాగుచేయిస్తున్నాడు. వడ్రంగి మల్లన్నది నిజామాబాద్. ఆయన మాట యజమానికి, యజమాని మాట ఆయనకు నేనే చెప్పాలి. అందుకే పడవ నీళ్ళలో దిగేదాకా నాకు సెలవు లేదన్నాడు యజమాని. దించేది రేపు ఉదయం. నా టికెట్టు రేపు సాయంత్రానికి.

"సందులన్నీ లప్పంతోని మూసిన బిడ్డా. దర్వాజా లెక్క కుదిరింది," అన్నాడు మల్లన్న.

నువ్వయితే ఎండిన పడవకు రోజుల తరబడి తడి గోనెలు కప్పేవాడివి. చెక్క ఉబ్బి సందులు దగ్గరపడ్డాకే దూది కుక్కేవాడివి. ఇంత గట్టి లప్పం పెట్టాక నీళ్ళలో చెక్క ఉబ్బితే పలకలు చీలిపోతాయి. రేపు అందులో పిల్లలు ఎక్కుతారు.

ఏమీ అనకుండా ఉంటే నేను విమానం ఎక్కేస్తాను. మధ్యాహ్నందాకా ఏమీ అనలేదు. తర్వాత ఇద్దరికీ చెప్పాను.

"పెండ్లిపిల్ల లెక్క దీనికి మొదలు తానం చేపియ్యాల్నా?" అన్నాడు మల్లన్న. "నిన్ననే చెప్పొద్దా బిడ్డా!"

యజమాని ఎన్ని రోజులని అడిగాడు. పదన్నాను.

"మాఫీ ముష్కిల్, ఏం ఫరవాలేదు. నువ్వు కూడా పది రోజులు ఆగి వెళ్ళు."

మల్లన్న లప్పం గీకుతున్నాడు. నేను గోనెలు తడిపి వచ్చి ఇది రాస్తున్నాను.

ఎల్లుండి నీ సంవత్సరీకం.