గింజలు పీల్చిన గాలి

ప్రియమైన నాన్నకి,

‘ప్రియమైన’ అని అలవాటు కొద్దీ పడింది. కొట్టెయ్యబోయి ఆగాను. ఈ ఉత్తరాన్ని నీకు షేక్ బక్రీ చదివి వినిపిస్తారు కాబట్టి ఆయనకీ ఒక మాట. షేక్ గారూ, మధ్యలో మెత్తటి మాటలు కలపకండి. రాసింది రాసినట్టు చదవండి.

తమ్ముడు జుండీ చనిపోయి ఇరవై మూడు రోజులైంది. వాడి భార్య నూరియాని నువ్వు పుట్టింటికి తరిమేసి పదహారు రోజులైంది. మూడేళ్ళ కెరీమా అమ్మ కోసం ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుందని పిన్ని కబురు పెట్టింది. ఒకే ఇంట్లో ఉంటున్నావు కదా, ఆ ఏడుపు నీకు వినబడటం లేదా?

ఆ రోజు ఏం జరిగిందో నలుగురిని విడివిడిగా అడిగాను. నలుగురూ ఒకటే చెప్పారు. ఉరుసుకి వచ్చే యాత్రికులకు మన జొన్నే ముందు అందుతుందని నువ్వు మాట ఇచ్చావు. పొద్దున్నే జొన్న దాచిన పాతర తెరవమన్నావు. నూరియా వద్దంది. “మొన్నటి వానకి తడి దిగుంటుంది. గింజ వేడెక్కుతుంది. ఇవాళొద్దు” అంది. “నాన్న చెప్పాక నువ్వెవరివే వద్దనడానికి?” అన్నాడు జుండీ. దానికి ఒళ్ళు మండి, “అయితే పోయి ఆ గోతిలోనే కాపురం పెట్టుకో!” అంది. మొగుడూ పెళ్ళాలు పొద్దున లేస్తే అనుకునే మాటలే కదా ఇవి? అమ్మ నిన్ను ఇంతకంటే తక్కువ తిట్టిందా? అమ్మ తిట్లు ఫలించి ఉంటే నువ్వు నా పెళ్ళి కూడా చూసేవాడివి కాదు.

పైన మట్టి తీసి, మూత రాళ్ళు పక్కకి దొర్లించిన వెంటనే జుండీ లోపలికి దిగాడు. ఒక్క గంప కూడా పైకి రాలేదు. పిలిస్తే పలకలేదు. వాణ్ణి లాగుదామని పక్కింటి జిబ్రీల్ దిగాడు. అతనూ పలకలేదు. మూడో మనిషిగా దిగబోయింది నూరియా. దాన్ని నడుం పట్టి ఆపడానికి నలుగురు ఆడవాళ్ళు కావలసి వచ్చింది. తాళ్ళకి కొక్కేలు కట్టి లాగితే ఇద్దరూ శవాలై పైకొచ్చారు. మొగుడి కోసం చావుకి సిద్ధపడిన ఆ మనిషే మొగుణ్ణి చంపిందని మసీదు వాకిట్లో మత్తునిచ్చే ఖాత్ ఆకు నములుతూ మీరు తేల్చేశారు. “నోటి మాట గోతిలో పడింది, గోతిలో ఉన్న జిన్ను దాన్ని పట్టుకుంది” అన్నాడు మీ పెద్దాయన హాజీ ఉమరే. నువ్వు తలాడించావు. ఆడవాళ్ళ వరసలో నేనున్నాను. చూశాను.

ఆ తీర్పుకి ముందు రోజే నిన్ను చెయ్యి పట్టుకుని పాతర దగ్గరికి తీసుకెళ్ళాను. మళ్ళీ వేసిన మూతని కాస్త జరిపి, లాంతరుకి తాడు కట్టి కిందికి వదిలాను. మనిషి భుజాల లోతుకి వెళ్ళేసరికి అది ఆరిపోయింది. వెలిగించి మళ్ళీ వదిలాను, మళ్ళీ ఆరింది. నువ్వేమన్నావో గుర్తుందా? “గాలికి ఆరిందిలే.” గోతిలో ఏ గాలి వీస్తుంది నాన్నా?

పన్నెండేళ్ళుగా తొమ్మిదో తరగతి పిల్లలకి చెబుతున్న పాఠం నీకు ఇప్పుడు చెబుతాను. ఆకు ఎండలో ఉన్నంతసేపు మనం వదిలిన బొగ్గుపులుసు వాయువుని తీసుకుని ఆహారం చేసుకుంటుంది. ప్రాణవాయువుని మనకి వదిలిపెడుతుంది. కానీ మొక్క కూడా మనలాగే ఊపిరి పీలుస్తుంది. పగలూ రాత్రీ, ఆకూ వేరూ గింజా అన్నీ పీలుస్తాయి. జొన్న గింజ ఎండినట్టు కనబడుతుంది కానీ చచ్చిపోలేదు. చచ్చిందైతే విత్తినప్పుడు మొలిచేదా? పాతరలో దానికి ఎండ లేదు, పచ్చదనం లేదు. అక్కడ అది ఊపిరి పీల్చడమే తప్ప ప్రాణవాయువుని తిరిగి ఇచ్చేది లేదు. తడి తగిలితే ఇంకా ఎక్కువ పీలుస్తుంది, అందుకే వేడెక్కుతుంది. నూరియా చెప్పింది అక్షరాలా అదే. నెలల తరబడి మూసిన గోతిలో ప్రాణవాయువునంతా గింజలే తినేశాయి. అవి వదిలిన బొగ్గుపులుసు వాయువు మంచి గాలి కంటే బరువు, అడుగునే ఉంటుంది. జుండీ అందులోకి దిగాడు. ఇందులో జిన్నులు లేవు, శాపం లేదు.

ఇప్పుడు నా సంగతి. ‘గింజలు కూడా శ్వాసిస్తాయి’ అని ప్రతి ఏడూ బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పరీక్షలో అడిగి మార్కులు వేశాను. పోయిన సెలవుల్లో మన పాతర తెరుస్తుంటే పక్కనే కూర్చుని కాఫీ ఆకుల కషాయం తాగుతూ చూశాను. నా నోట ఒక్క మాట రాలేదు. ఆ పాఠం బడిదనీ, ఈ గొయ్యి ఇంటిదనీ అనుకున్నాను కాబోలు. దీనికి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోను. నీకు తెలియదు, నాకు తెలుసు. అందుకే నీ మీద కోపంలో సగం నా మీదే.

శనివారం జిబ్రీల్ వాళ్ళ పాతర తెరుస్తారని విన్నాను. లాంతరుతో, కోడితో వస్తాను. ఊరంతా చూడాలి. నువ్వు నూరియాని పిలిపించి బిడ్డని దాని చేతిలో పెట్టకపోతే నాకిక నాన్న లేడు.

ఇప్పటికింకా నీ కూతురు,
ఇఫ్తూ

*

అమ్మాయి ఇఫ్తూకి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. షేక్ బక్రీ మొత్తం చదివాడు, నువ్వు చెప్పినట్టే ఏదీ మెత్తబరచకుండా. తండ్రికి ఇలా రాయడం ఏ బడిలో నేర్పారు నీకు? ఏడు తరాలుగా ఈ కొండ మీద పాతరలు తవ్వుకుని బతుకుతున్నాం. నిన్న కాక మొన్న సుద్దముక్క పట్టుకున్న ఆడపిల్ల వచ్చి జొన్న గింజ గురించి నాకు చెబుతుందా? శనివారం రావద్దు. కొడుకు పోయిన ఇంటిని సంతలో నిలబెట్టకు. పెద్దలు తీర్పు చెప్పారు, అది అయిపోయింది. కెరీమా బాగానే ఉంది. నిన్న కొంచెం గంజి తాగింది.

నీ తండ్రి,
ముమ్మె అబ్దో

ఇది నా సొంతంగా కలుపుతున్నాను, ఇఫ్తూ. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి మీ నాన్నగారు రెండుసార్లు లేచి బయటికి వెళ్ళిపోయారు. రెండోసారి చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. రావద్దన్నారని నువ్వు ఆగవద్దు. – బక్రీ

*

నా బంగారు నూరియాకి,

ఇంకెవరో చెప్పకముందే నీకు అంతా చెప్పాలని కూర్చున్నాను. 

శనివారం వెళ్ళాను. జిబ్రీల్ వాళ్ళ పాతర చుట్టూ ఊరంతా ఉంది. హాజీ ఉమరే నన్ను చూసి, “ఏం టీచరమ్మా, కోడితో వచ్చావు, కూరకా?” అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. నేను లాంతరుకి తాడు కట్టుకున్నాను. మూత తీయగానే లాంతరు వదిలాను. ఆరిపోయింది. “తాడు ఊపింది, అందుకే ఆరింది” అన్నారు ఎవరో. అప్పుడు కోడిని గంపలో పెట్టి వదిలాను. కాసేపు రెక్కలు కొట్టుకున్న చప్పుడు వినిపించింది, తరవాత ఏమీ లేదు. గబగబా పైకి లాగాను. మెడ వేలాడేసి ఉంది. నేల మీద పడుకోబెడితే కొంచెంసేపటికి కళ్ళు తెరిచి, తూలుతూ లేచి నిలబడింది.

ఎవరూ నవ్వలేదు. హాజీ ఉమరే మాత్రం పట్టు వదల్లేదు. “ఈ గోతికీ ఆ శాపం అంటుకుందేమో” అని గొణిగాడు. అప్పుడు లేచింది జిబ్రీల్ భార్య సాదా. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ గొంతు ఎవరూ వినలేదట.

“అవును హాజీ! ఆ కోడికి మొగుడో పెళ్ళామో ఉంటే కనుక్కోండి, పొద్దున్న దాన్ని ఏం తిట్టి పంపించారో! నా మొగుడు పొద్దున్న నాతో నవ్వుతూ అంబలి తాగి వెళ్ళాడు. నేనేం శాపం పెట్టాను? చెప్పండి, నన్ను కూడా తరిమెయ్యండి!”

ఉమరే తలపాగా సర్దుకుంటూ నేల చూశాడు. నేను పెద్దల మధ్య కూర్చున్న నాన్న వైపు తిరిగాను. ‘ఇప్పుడైనా తెలిసిందా’ అని అడగబోయాను. నోరు తెరిచేలోపే ఆయన లేచి నిలబడ్డాడు.

“నాకిది ఎప్పటి నుంచో తెలుసు” అన్నాడు.

ముందు నాకు అర్థం కాలేదు.

“మా నాన్న పాతర తెరిచిన రోజు ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు. పొద్దు వాలేదాకా తెరిచి ఉంచేవాడు. కాగడా కిందికి దించి, అది వెలుగుతూ ఉంటేనే దిగమనేవాడు. నేను చిన్నప్పుడు చూశాను, చేశాను. పెద్దయ్యాక నాకు ఓపిక చచ్చింది. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు, మానేశాను. ఆ రోజు జుండీ అడిగాడు. ‘నాన్నా, మధ్యాహ్నం దాకా ఆగుదామా? నూరియా కూడా వద్దంటోంది’ అని. ఉరుసుకి ఉమరే వాళ్ళ జొన్న ముందు చేరిపోతుందని నాకు తొందర. ‘పెళ్ళాం కొంగు పట్టుకుని నువ్వే పైన కూర్చో, నేను దిగుతాను’ అన్నాను. నూరియా అప్పుడు ఇంట్లో ఉంది, మిగతా అందరి ముందూ అన్నాను. వాడు సిగ్గుతో దిగాడు.”

అక్కడ నిలబడ్డవాళ్ళలో సగంమంది ఆ మాట అప్పుడు విన్నవాళ్ళే, నూరియా. ఇన్ని రోజులూ ఎవరూ నోరు విప్పలేదు. నేను అడిగిన నలుగురు కూడా.

నేను ఏదో తెలియని ముసలాయనకి పాఠం చెప్పడానికి వెళ్ళాను. తెలియక చేశాడనుకున్న కోపం ఒకటి, తెలిసి నీ మీదకి నెట్టాడన్న కోపం ఇంకొకటి. రెండోది ఎంతుంటుందో నాకు శనివారం తెలిసింది. “ఇన్ని రోజులు! నింద దాని నెత్తిన పెట్టి ఎలా తిన్నావు? ఎలా పడుకున్నావు?” అని అందరి ముందూ అరిచాను. “తినలేదమ్మా” అన్నాడు. “నన్ను అమ్మా అని పిలవకు. ముందు నీ కోడలిని వెనక్కి పిలువు” అన్నాను.

ఆయన సాదా కాళ్ళ దగ్గర కూర్చోబోయాడు. ఆవిడ వెనక్కి జరిగింది. “నా దగ్గర కాదు మామా, ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళు. నా వంతు తరవాత” అంది. తీర్పు చెల్లదని షేక్ బక్రీ అక్కడే అందరి చేతా అనిపించారు. హాజీ ఉమరే అందరికంటే ఆఖర్న, అందరికంటే చిన్న గొంతుతో అన్నాడు.

నాన్న పెద్దలతో కలిసి నడుచుకుంటూ మీ ఇంటికి వస్తాడట, వచ్చే ఆదివారం. నీకు చెప్పి ఒప్పించమని నన్ను అడిగాడు. ఒప్పించనని చెప్పాను. తలుపు తీస్తావో, వాకిట్లోనే నిలబెడతావో నీ ఇష్టం. తిరిగి ఆ ఇంట్లో అడుగు పెడతావో లేదో, అది కూడా. నువ్వు ఏది అన్నా నేను నీ పక్కన నిలబడతాను. పోయిన సెలవుల్లో పాతర పక్కన నోరు మూసుకుని కూర్చున్నందుకు నీకు నా బాకీ అది.

కానీ కెరీమా ఆదివారం దాకా ఆగదు. శనివారం అక్కడి నుంచి తిన్నగా ఇంట్లోకి వెళ్ళి, ఎవర్నీ అడక్కుండా దాన్ని ఎత్తుకుని బయటికి వచ్చాను. గుమ్మంలో నాన్న పక్కకి తప్పుకున్నాడు. ఇప్పుడు నా దగ్గరే ఉంది. ‘అమ్మ దగ్గరికి’ అని చెప్పేదాకా అన్నం ముట్టలేదు. రేపు మొదటి బస్సుకి తీసుకుని బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం కూడా నా చేత్తోనే నీకు ఇస్తాను. ముందు బిడ్డని తీసుకో, తరవాత చదువు.

నీ వదిన,
ఇఫ్తూ