సర్వేలో నేను దాచిన బిడ్డ పేరు

శంషాబాద్ మండల తహసీల్దారు గారి సముఖమునకు,

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తున్నాను. తమరి ఇంట్లో అమ్మగారు, పిల్లలు బాగున్నారా. ఆఫీసులో అటెండర్ చెన్నయ్యకు మోకాలి నొప్పి తగ్గిందా. మా ఇంటికి సర్వేకు వచ్చిన ప్రేమలత టీచరమ్మకు ఆ రోజు ఒళ్ళు కాలిపోతుండె, ఇప్పుడు నయమేనా. ఇక్కడ నేను బాగున్నాను. మరిది బాలమల్లు బాగున్నాడు. కొడుకు జైల్లో బాగున్నాడు. బిడ్డ సంగతి రాయడానికే ఈ అర్జీ.

విషయం: ఆగస్టు 19 నాటి ఇంటింటి సర్వేలో నేను దాచిపెట్టిన నా కూతురు మాధవీలత పేరు చేర్చుట గురించి.

1. నేను మూడో తరగతి వరకే చదివాను. తమ ఆఫీసు ముందు అర్జీలు రాసే మల్లేశ్వర్ మా ఊరివాడే. అతనితో రాయిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని నేనే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించాలి.

2. నా కొడుకు వీరేందర్ ప్లాటు గొడవలో ఒక మనిషిని ఇనుప రాడ్డుతో కొట్టాడు. ఆ మనిషికి ఒక కన్ను పోయింది. వీరేందర్‌కు జామీను ఉంటామని ముగ్గురు పోటీపడ్డారు. బెయిలు మీద వస్తే ఊరివాళ్ళు భుజాన తువ్వాల కప్పి, యాటను కోసి విందు పెట్టారు. శిక్ష పడి చెర్లపల్లి జైలుకు పోయిన తరువాత కూడా పిల్లనిస్తామని కందుకూరు నుండి వచ్చి అడిగారు.

3. నా కూతురు మాధవీలత విమానాశ్రయం దగ్గర ఒక లాడ్జిలో ఊడ్చే పని చేసేది. దిగినవాళ్ళు మరిచిపోయిన బంగారు గాజు కొంగున కట్టుకుని వచ్చింది. దొంగతనమే, కాదనను. దానికి జామీను ఉండడానికి ఒక్కరు రాలేదు. మరిది కూడా రాలేదు, బిడ్డ జైల్లోనే ఉండిపోయింది. అల్లుడు శివశంకర్ పిల్లలను తీసుకుపోయి, తల్లి బొంబాయి పోయిందని చెప్పాడు. ఎవరైనా అడిగితే నేను కూడా బొంబాయి అనే చెప్పాను.

4. సర్వే రోజు వాడకట్టు అంతా మా అరుగు మీదనే కూర్చుంది. టీచరమ్మ పేర్లు అడిగింది. మరిది అందుకుని, “వదినా, వీరేందర్‌ను రాయించు. మొగోడు, రేపో మాపో వస్తడు” అన్నాడు. రాయించాను.

“ఇగ ఎవలన్న ఉన్నరా అవ్వా?”

“లేరు బిడ్డా. గింతే.”

తరువాత ఆమె పశువులను అడిగింది. ఒక బర్రె, రెండు మేకలు రాయించాను. నాకు సంతకం వచ్చును, కానీ పెన్ను తిరిగి ఇచ్చి వేలిముద్ర వేశాను.

5. పదిరోజులకు చంచల్‌గూడ ఆడవాళ్ళ జైలు నుండి బిడ్డ జాబు వచ్చింది. “అమ్మా, సర్వేల నన్ను రాయించినవా? గీడ అందరు గదే అడుగుతున్నరు. రాయకపోతే మనిషి లేనట్టేనంట.” రాయించానని జవాబు వేశాను. అల్లుణ్ణి అడిగితే అతనూ రాయించలేదట. అంటే నా బిడ్డ ఏ ఇంట్లోనూ లేదు.

6. కొడుకు దగ్గరకు నెలకు రెండుసార్లు పోతాను. బిడ్డ లోపలికి పోయి పదకొండు నెలలు, ఒక్కసారి పోలేదు. బస్సులో ఎవరైనా చూసి ఎక్కడికని అడుగుతారని. కొడుకు దగ్గరకైతే అడగకముందే చెప్పేదాన్ని. ఇది ఊరి మీద ఫిర్యాదు కాదయ్యా. ఊరు అనక ముందే నేనే నా బిడ్డను లేదన్నాను.

7. జైల్లో ఉన్నవారిని రాయవచ్చునో లేదో నాకు తెలియదు. రాయవచ్చునంటే మాధవీలతను కూడా చేర్చవలెను. రాయకూడదంటే వీరేందర్ పేరు కొట్టివేయవలెను. ఒకరిని ఉంచి ఒకరిని తీసిన కాగితం మీద నా వేలిముద్ర ఉండకూడదు.

కావున తమరు దయతో ఈ ముసలిదాని మాట చిత్తగించి, తగిన ఉత్తర్వు ఇప్పించవలెనని కోరుచున్నాను.

తమ విధేయురాలు,
రుక్మిణమ్మ (సంతకం)
తేది 9-9-2014

మళ్ళీ రాయునది: బాపూ, సర్వే అయిపోయింది, ఇగ చేర్చుడు కుదరదు అంటరేమోనని రాత్రింబగళ్ళు పరేషాన్ అయితున్న. కుదరకపోతే జర తొందరగా చెప్పుండ్రి. మీరు రాసినా రాయకున్నా నేను బిడ్డ కాడికి పోతున్న. ఇనుప జాలీ అవతల నిలబడి నా బిడ్డ అడుగుతది. ఈసారి అబద్ధం చెప్ప. అర్జీ రాసినంక జైలు గేటు కాడికి పోయి అడిగొచ్చిన, బిడ్డను చూసే ములాఖత్ దినం ఖాయం చేసిండ్రు: సెప్టెంబరు 20, శనివారం.