తప్పు పాలది కాదు

జూలై 6, 1964. సోమవారం. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లు.
చెబుతున్నది నేను, రాస్తున్నది నా చిన్నకూతురు సరోజ. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. అందం చెయ్యొద్దన్నాను.
మనవడికి నెల దాటింది. తాగిన పాలన్నీ కక్కుతున్నాడు — కార్చడం కాదు, చిమ్మడం... గోడదాకా. కక్కిన వెంటనే మళ్ళీ ఆకలని ఏడుపు.

జూలై 7.
పక్క క్వార్టర్ అప్పలనరసమ్మ పసుపుకొమ్ము పట్టుకుని వచ్చింది. "నీ కోడలి పాలు ఆడికి పడనేదు వొదినా. కొమ్ము కాల్చి పొట్ట మీద వాత ఎట్టెయ్, కుదురుతాది."
"అది నా గడప దాటితే నీ నాలిక్కే ఎడతాను వాత!"
వెళ్ళిపోయింది. మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. కోడలు పార్వతి అన్నం ముట్టలేదు.
నా తొలిచూలు బిడ్డకీ ఇలాగే వాత పెట్టారు. దక్కలేదు.

జూలై 8.
పొద్దున్న చూస్తే పార్వతి పాలు పిండి పారబోస్తోంది. వాడికి బార్లీ నీళ్ళు పట్టిందట. అవీ చిమ్మాడు.
"బార్లీ కూడా నీ ఒంట్లోంచే వొచ్చినాదేటే?"
ఏడుస్తూనే నవ్వింది. మళ్ళీ రొమ్ము ఇప్పించాను. తాగుతుంటే పొట్ట చర్మం కింద ఏదో అలలా పాకింది. ఆగింది. చిమ్మాడు.
పొద్దుటినుంచి ఒక్క ఉచ్చగుడ్డా తడవలేదు. రిక్షా పిలిచి ఆసుపత్రికి...

జూలై 9.
బెంగాలీ డాక్టరు పొట్ట తడిమి, నా వేళ్ళూ అక్కడే పెట్టించాడు. లోపల రేగుగింజంత గట్టిగా ఉంది. "దూధ్ ఠీక్ హై, మా. రాస్తా బంద్ హై."
పాలు మంచివేనట. కడుపులోంచి పేగులోకి దిగే దారే బిగుసుకుపోయిందట. కోసి వదులు చెయ్యాలట. ఒళ్ళెండిపోయింది కాబట్టి ఇవాళ సెలైను, రేపు ఆపరేషను.
పార్వతి నా కొంగు పట్టుకుంది. "కొయ్యడమేటత్తా... ఆయన వొచ్చీదాకా ఆగుదుమా?"
నా కొడుకు గూడ్సు గార్డు. ఏ స్టేషన్లో ఉన్నాడో!
"ఆడొచ్చీదాకా ఈడాగుతాడేటి?"
ఆపరేషను కాగితం మీద వేలిముద్ర నేనే వేశాను.

జూలై 10.
లోపలికి తీసుకెళ్ళారు. సరోజ రాయడం ఆపి తలుపువైపే చూస్తోంది. రాయమన్నాను.

జూలై 11.
బతికే ఉన్నాడు. అప్పలనరసమ్మ వాత పెట్టమన్న చోటే కట్టు కట్టారు.
పార్వతి జాకెట్టు తడిసిపోయింది. పిండబోయింది. "పారబొయ్యకే. అయి ఆడియి."
నర్సు దీదీ ఒక చెంచా గ్లూకోజు నీళ్ళు పోసింది. మింగాడు. పార్వతీ, సరోజా, నేనూ వాడి నోటివైపే చూస్తున్నాం... ఇంకా లోపలే ఉన్నాయి.